రేటింగ్ పక్కన చిన్న ‘పి’: ఎదిగే గుర్రం వెంట నడిచేవాళ్లకు టైమ్‌ఫామ్ ఎంత ఆసరా?

రెండేళ్ల గుర్రం తొలిసారి పరుగెత్తి గెలిచింది. గుర్రాలకు రేటింగులిచ్చే బ్రిటన్ సంస్థ టైమ్‌ఫామ్ కార్డులో దాని పేరు పక్కన 88పి (88p) అని ఉంది. కొత్తవాళ్ల కళ్లు నేరుగా 88 మీదికి పోతాయి. ఆ గుర్రాన్ని రెండు మూడేళ్లు వదలకుండా చూడాలనుకునేవాళ్లు ముందు చదవాల్సింది ఆ పి. బ్రిటన్ గుర్రప్పందాలకు టైమ్‌ఫామ్ ఇచ్చే రేటింగులు, గుర్తులు, వ్యాఖ్యలు, టైమ్‌ఫిగర్లు (పరుగు కాలాన్ని బట్టి వేసే అంకెలు) ఒక మంచి కుర్ర గుర్రాన్ని తొలి పరుగు నుంచి మూడేళ్ల వయసులో పరుగెత్తే గినీస్, డెర్బీ లాంటి క్లాసిక్ రేసుల దాకా వెంబడించడానికి ఎంతవరకు సరిపోతాయో, ఎక్కడ సరిపోవో ఇక్కడ చూద్దాం. పందెం కాసి డబ్బు చేసుకోవడానికి పనికొస్తుందా అన్నది వేరే ప్రశ్న, దాని జోలికి పోవడం లేదు.

టైమ్‌ఫామ్‌ను 1948లో ఫిల్ బుల్ మొదలుపెట్టాడు. యార్క్‌షైర్‌లోని హాలిఫాక్స్ దాని ఊరు. పరుగెత్తిన ప్రతి గుర్రానికీ పౌండ్లలో ఒక అంకె ఇవ్వడం, ప్రతి పరుగు తర్వాతా దాన్ని సరిచూడడం వాళ్ల పద్ధతి. అంకె అర్థం సులువే. ఒక గుర్రానికి 100, ఇంకోదానికి 93 ఉంటే, రెండూ ఒకేసారి గీత దాటాలంటే మొదటిది 7 పౌండ్లు, అంటే మూడు కిలోల పైచిలుకు, ఎక్కువ మోయాలి. గెలిచిన దూరాన్ని పౌండ్లలోకి మార్చడానికి మోటు లెక్క ఒకటుంది: 5 ఫర్లాంగుల (ఫర్లాంగు అంటే మైలులో ఎనిమిదో వంతు) రేసులో ఒక లెంగ్త్‌కు, అంటే ఒక గుర్రం పొడవుకు, దాదాపు 3 పౌండ్లు, మైలు రేసులో 2, మైలున్నర రేసులో ఒకటిన్నర. దూరం పెరిగేకొద్దీ ఒక్కో లెంగ్త్ విలువ తగ్గుతుంది. అందుకే 5 ఫర్లాంగుల్లో మూడు లెంగ్త్‌ల గెలుపు, మైలున్నరలో ఆరు లెంగ్త్‌ల గెలుపు ఈ లెక్కలో ఒకే బరువు తూగుతాయి.

అంకె పక్కన వచ్చే గుర్తులే అసలు సరుకు. చిన్న పి (p) అంటే ఈ గుర్రం ఇంకా మెరుగవుతుందని అంచనా. పెద్ద పి (P) అంటే ఇప్పుడున్న అంకెకు చాలా పైన పరుగెత్తగలదని నమ్మకం. ప్లస్ గుర్తు ఉంటే గుర్రం ఇప్పటికే ఆ అంకెకన్నా మెరుగై ఉండవచ్చు, కాని రుజువు చాల్లేదు. డి (d) అక్షరం ఉంటే మునుపటి స్థాయి తగ్గి ఉండవచ్చు. ప్రశ్నార్థకం పడితే ఆ అంకె మీదే అనుమానం. మెలికల గుర్తు (§) ఉంటే స్వభావం నమ్మదగింది కాదు: మొండికేయడం, పోరాడకుండా వదిలేయడం లాంటివి. రెండేళ్ల గుర్రానికి మెలిక పడిందంటే గట్టి కారణమే ఉంటుంది, తేలిగ్గా తీసుకోకండి.

ఈ అంకెల గురించి చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. రేటింగ్ వయసు లెక్కను కలుపుకొని వస్తుంది. రెండేళ్ల గుర్రం జూలైలో ఎంత బలంగా ఉంటుంది, అక్టోబరుకు ఎంత ఎదుగుతుంది అన్న సగటు ఎదుగుదల వయసు-బరువు పట్టికలో (ఏ వయసు గుర్రానికి ఎంత బరువు తగ్గించాలో చెప్పేది) ముందే ఉంది. జూలైలో 105, అక్టోబరులోనూ 105 అంటే గుర్రం ఆగిపోయిందని అర్థం కాదు. తన ఈడు గుర్రాలతో సమానంగా ఎదిగింది. పి గుర్తు చెప్పేదేమిటంటే, పట్టిక ఆశించేదానికన్నా ఎక్కువ ఎదుగుతుందని. తిరగేసి చూస్తే జూన్‌లో మెరిసిన గుర్రం సెప్టెంబరులో 108 నుంచి 100కి దిగితే, దాని వేగం తగ్గిందని అనుకోనక్కర్లేదు. అది ముందే ఎదిగింది, మిగతావి ఇప్పుడు అందుకున్నాయి. రాయల్ ఆస్కాట్ అనే పెద్ద రేసుల పండుగలో జూన్‌లో 5, 6 ఫర్లాంగుల రేసులు గెలిచి శరదృతువుకల్లా మరుగున పడే గుర్రాల్లో ఎన్నో ఈ కోవవే. దాన్ని గుర్రం తప్పుగానో ట్రైనర్ తప్పుగానో చూడడం అన్యాయం.

పట్టికలో కనబడని వయసు తేడా కూడా ఉంది. ఉత్తరార్ధగోళంలో థరోబ్రెడ్‌లన్నిటికీ, అంటే పందెపు జాతి గుర్రాలన్నిటికీ, జనవరి 1నే అధికారిక పుట్టినరోజు, ఆస్ట్రేలియా లాంటి దక్షిణార్ధగోళపు దేశాల్లో ఆగస్టు 1. జనవరి 20న పుట్టిన గుర్రం, మే 10న పుట్టిన గుర్రం జూన్ 20న ఒకే రేసులో దిగితే ఒకదానికి 29 నెలలు, ఇంకోదానికి 25. జూన్‌లో పుట్టిన పిల్లవాణ్ని ముందు ఏడాది జూలైలో పుట్టినవాడి పక్కన అదే బెంచీ మీద కూర్చోబెట్టి ఒకే పరీక్ష పెట్టినట్టు. రేటింగ్ దీన్ని సర్దదు. పుట్టిన తేదీ వంశావళి పేజీలో దొరుకుతుంది. ఏప్రిల్, మే నెలల గుర్రానికి పి ఉంటే, జనవరి గుర్రం పికన్నా దానికి కొంచెం ఎక్కువ విలువ ఇవ్వండి.

తొలి పరుగు అంకెను ఎంత నమ్మాలి?

తక్కువే. మెయిడెన్ రేసులో, అంటే ఇంకా గెలవని గుర్రాల రేసులో, పది గుర్రాలు దిగాయి, అందులో ఆరు ఎప్పుడూ పరుగెత్తలేదు. కొలిచే కర్ర లేదు. అలాంటప్పుడు రేటింగ్ వేసేవాళ్లకు ఉన్న ఆధారాలు మూడు: ఆ రేసు గత ఏళ్లలో ఏ స్థాయిలో తేలింది, ఇదివరకు పరుగెత్తిన ఆ నాలుగు గుర్రాలు తమ పాత అంకెకు దగ్గరగా వచ్చాయా, గడియారం ఏం చెప్పింది. మూడూ ఒకే మాట చెబితే అంకె గట్టిది. చెప్పకపోతే అంకె తాత్కాలికం, తర్వాతి వారాల్లో మారుతుంది. కాబట్టి తొలి పరుగు రేటింగును ఆ రోజే రాసుకుని, మూడు నాలుగు వారాల తర్వాత మళ్లీ తెరిచి చూడాలి. ఈలోగా ఓడిన గుర్రాలు వేరే రేసుల్లో దిగి ఉంటాయి. అవి గెలిస్తే, మన గుర్రం కాలు కదపకుండానే దాని అంకె పెరుగుతుంది.

దీనికి 2010 ఆగస్టు 13 న్యూమార్కెట్ మెయిడెన్ కన్నా మంచి పాఠం లేదు. మైలు రేసు. ఫ్రాంకెల్ అర లెంగ్త్‌తో గెలిచాడు. కాగితం మీద చూస్తే అర లెంగ్త్ గెలుపు ఎవరికీ గుర్తుండదు. రెండోది నథానియెల్. అదే నథానియెల్ 2011లో కింగ్ జార్జ్, 2012లో ఎక్లిప్స్ అనే పెద్ద రేసులు గెలిచాడు. మూడో స్థానంలో వచ్చిన జీనియస్ బీస్ట్ మరుసటి వసంతంలో శాండౌన్‌లో క్లాసిక్ ట్రయల్ గెలిచాడు. అలా ఆ మెయిడెన్ విలువ నెలనెలా పెరుగుతూ పోయింది. ఫ్రాంకెల్ మాత్రం అంతవరకు ఆగనివ్వలేదు. సెప్టెంబరులో డాన్‌కాస్టర్‌లో 13 లెంగ్త్‌లు, ఆస్కాట్‌లో రాయల్ లాడ్జ్ రేసులో 10 లెంగ్త్‌లు, అక్టోబరులో డ్యూహర్స్ట్ రేసులో రెండుంపావు. ఆ ఏడాది చివర టైమ్‌ఫామ్ ఇచ్చిన అంకె 133పి. అధికారిక యూరోపియన్ వర్గీకరణలో అతనికి 126, అదే 126 డ్రీమ్ అహెడ్‌కు కూడా. డ్యూహర్స్ట్‌లో డ్రీమ్ అహెడ్ ఓడినా, మిడిల్ పార్క్ రేసును తొమ్మిది లెంగ్త్‌లతో గెలిచి ఉన్నాడు.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. టైమ్‌ఫామ్ అంకె, అధికారిక హ్యాండిక్యాపర్ (గుర్రాలు మోయాల్సిన బరువులు నిర్ణయించే అధికారి) అంకె వేర్వేరు కొలబద్దలు. ఒకదాని 126ను ఇంకోదాని 133 పక్కన పెట్టి తీసివేత చేయకూడదు. పోల్చాలంటే ఒకే సంస్థ అంకెలతోనే పోల్చాలి. రెండోది, 133 చేతికొచ్చాక కూడా వాళ్లు పి తీసేయలేదు. రెండేళ్ల గుర్రానికి 133 అంటే ఇప్పటికే శిఖరం, అయినా ఇంకా ఉందన్నారు. 2011 ఏప్రిల్ 30న 2000 గినీస్‌ను ఆరు లెంగ్త్‌లతో గెలిచాడు, 2012లో ఆ అంకె 147కు చేరింది. అప్పటిదాకా ఫ్లాట్ (దూకే అడ్డంకులు లేని) రేసుల్లో వాళ్లు ఇచ్చిన అత్యధికం సీ బర్డ్‌కు 145. పి అక్షరం ఇంత ఘనంగా నిజమైన సందర్భాలు అరుదు. ఆ 133పిని ఆ రోజుల్లో చదివి, ఆ తర్వాతి రెండేళ్లు ఆ గుర్రాన్ని చూడగలిగినవాళ్లు అదృష్టవంతులు.

రెండో వైపూ చూడాలి. 1994లో సెల్టిక్ స్వింగ్ డాన్‌కాస్టర్‌లో, తడిసిన నేల మీద, రేసింగ్ పోస్ట్ ట్రోఫీని 12 లెంగ్త్‌లతో గెలిచాడు. టైమ్‌ఫామ్ 138 ఇచ్చింది. మరుసటి మే నెలలో గట్టి నేల మీద 2000 గినీస్‌లో పెన్నెకాంప్ చేతిలో తల తేడాతో ఓడాడు. ఆ తర్వాత షాంటిలీలో ఫ్రెంచ్ డెర్బీ గెలిచాడు కాబట్టి గుర్రం మంచిదే. కాని 138 దగ్గర్నుంచి ఇంకా పైకి అన్న ఆశ నెరవేరలేదు. తడి నేల మీద వచ్చిన భారీ అంతరాన్ని ఎప్పుడూ ఇంకొంచెం తగ్గించి చదవాలి. బురదలో అలిసిన గుర్రాలు చివరి ఫర్లాంగులో దాదాపు నడుస్తాయి, అలవాటైనది ఒక్కటి పరుగెత్తుతూనే ఉంటుంది. లెంగ్త్‌లు అలా పోగుపడతాయి.

పి గుర్తులో లోపం

టైమ్‌ఫామ్‌ను మెచ్చుకుంటూనే చెప్పాల్సిన లోపం ఇదే: పి ఎంత, ఎప్పుడు, ఎందుకు అన్నది చెప్పదు. 88పి ఉన్న ఒక గుర్రం 92కి వెళ్లి ఆగవచ్చు, ఇంకోటి 120 దాటవచ్చు. రెండిటికీ ఒకటే అక్షరం. పెద్ద పి కొంత నయం, కాని అది అరుదుగా పడుతుంది. ‘ఎందుకు’ తెలుసుకోవాలంటే కింద రాసే వ్యాఖ్య చదవాలి. ఆ వ్యాఖ్యల్లో కొన్ని రకాలున్నాయి, ఒక్కోదాని బరువు వేరు.

అనుభవం లేక తడబడింది అని రాస్తే, ఆ మెరుగుదల సాధారణంగా రెండో పరుగులోనే కనిపిస్తుంది. గేటు నుంచి ఆలస్యంగా రావడం, చెవులు అటూ ఇటూ తిప్పడం, పక్కకు ఒరగడం ఒక్క రేసుతో చాలావరకు సర్దుకుంటాయి. ఇంకా దూరం కావాలి అని రాస్తే, ఆ దూరం దొరికేదాకా పి పని చేయదు. 6 ఫర్లాంగుల్లో చివర్లో పుంజుకున్న గుర్రాన్ని ట్రైనర్ మళ్లీ 6 ఫర్లాంగుల్లోనే దింపితే రేటింగ్ కదలకపోవచ్చు, గుర్రాన్ని తప్పు పట్టకండి. తండ్రి, తల్లి తరఫు గుర్రాలు ఎంత దూరం గెలిచాయో చూస్తే ఈ మాటకు బలముందో లేదో తెలుస్తుంది. ఇంకా శరీరం నిండాలి అని రాస్తే, ఆ పి వచ్చే ఏడాదిది. ఈ సీజన్‌లో ఏమీ జరగకపోయినా జాబితాలోంచి తీసేయకూడదు. ఎక్కువమంది పొరపాటు పడేది ఈ మూడో రకం దగ్గరే. సెప్టెంబరులో రెండు ఓటములు చూసి వదిలేస్తారు, మరుసటి మేలో అది వేరే గుర్రంలా వస్తుంది.

పి మాయమైనప్పుడు కూడా కంగారు పడనక్కర్లేదు. 88పి కాస్తా 101 అయి, పి పోయిందంటే మెరుగుదల అంకెలోకి చేరిపోయిందని అర్థం. 88పి నుంచి ఉత్త 88 అయితేనే ఆలోచించాలి.

గడియారం

టైమ్‌ఫామ్‌లో కుర్ర గుర్రాల కోసం డబ్బు కట్టదగ్గ రెండో భాగం టైమ్‌ఫిగర్. పరుగు కాలాన్ని నేల, గాలి, ట్రాక్ స్థితిని బట్టి సర్ది, రేటింగ్ కొలమానంలోనే ఇస్తారు. దాన్ని రేటింగ్‌తో కలిపి చదవాలి. ఒకటి రెండు పరుగులకే రేటింగ్ 100, టైమ్‌ఫిగర్ 97 ఉంటే ఆ 100 గట్టిది. రేటింగ్ 100, టైమ్‌ఫిగర్ 72 ఉంటే గుర్రం చెడ్డదని కాదు, రేసు నెమ్మదిగా నడిచింది. ఆ 100 ఇంకా గడియారం ముందు రుజువు కావాలి. రెండేళ్ల గుర్రాల రేసుల్లో, అందులోనూ తక్కువ గుర్రాలున్న మైలు రేసుల్లో, ఈ నెమ్మది ఆట చాలా ఎక్కువ.

నెమ్మది రేసులో గుర్రం నిజంగా ఏం చేసిందో తెలియాలంటే చివరి వేగ శాతం లెక్కించాలి. చివరి భాగం సగటు వేగాన్ని మొత్తం రేసు సగటు వేగంతో భాగించి 100తో గుణించడమే. ఉదాహరణకు 8 ఫర్లాంగులు 100 సెకన్లలో, చివరి 3 ఫర్లాంగులు 36 సెకన్లలో. మొత్తం వేగం సెకనుకు 0.08 ఫర్లాంగు, చివరి వేగం 0.0833. భాగిస్తే 104 శాతం. 100కి అటూ ఇటూ ఉంటే రేసు సమంగా నడిచినట్టు. 104, 105 అయితే ముందు నెమ్మదిగా నడిచి చివర్లో ఉరికినట్టు. 96 అయితే ముందు ఉరికి చివర్లో అలిసినట్టు. కొండలున్న ట్రాకుల్లో ఈ సమ బిందువు మారుతుంది, కాబట్టి అదే ట్రాక్, అదే దూరంలో జరిగిన రేసులతోనే పోల్చాలి.

దీని ఉపయోగం ఇదీ. 105 శాతం రేసులో ముందున్న గుర్రం అర లెంగ్త్‌తో గెలిచింది, వెనక నుంచి వచ్చినది రెండోదయింది. ఫలితం చూస్తే గెలిచింది మెరుగు. లెక్క చూస్తే రెండోదే ఎక్కువ పని చేసింది, ఎందుకంటే అందరూ ఉరుకుతున్నప్పుడు అది వెనకనుంచి ఇంకా ఎక్కువ ఉరికింది. 95 శాతం రేసులో దీనికి తలకిందులు: ముందుండి, అలిసి, మూడోదిగా వచ్చిన గుర్రాన్ని రాసుకోవాలి. 2011 జూన్‌లో ఆస్కాట్‌లో సెయింట్ జేమ్స్ ప్యాలెస్ రేసును ఫ్రాంకెల్ ముప్పావు లెంగ్త్‌తోనే గెలిచినప్పుడు తగ్గిపోయాడని కొందరు భయపడ్డారు. రేసు మధ్యలోనే చాలా ముందుగా ఉరికించారు, చివర్లో ఆ మూల్యం కనబడింది. అంతరం ఒక్కటే చూసినవాళ్లు అనవసరంగా బెంగపడ్డారు.

సెక్షనల్ కాలాలు, అంటే రేసులో ఒక్కో భాగానికి పట్టిన కాలాలు, దొరకని రేసుకు వీడియో పెట్టుకుని స్టాప్‌వాచ్‌తో కొలవవచ్చు. ఫర్లాంగు స్తంభం దగ్గర వేలు నొక్కడంలో 0.2 సెకను తప్పు మామూలే. మంచి నేల మీద సెకనుకు దాదాపు 6 లెంగ్త్‌లు. అంటే 0.2 సెకను తప్పుకు 1.2 లెంగ్త్‌లు, మైలు రేసులో రెండున్నర పౌండ్లు. రెండు చివర్లా తప్పు పోగయితే ఐదు. మూడుసార్లు కొలిచి మధ్య అంకె తీసుకోండి. కెమెరా కోణం ఏటవాలుగా ఉంటే ఆ కొలతను వాడకపోవడమే మేలు.

అంకెలకు అందనివి

1972 జూలై 4న ఆక్విడక్ట్‌లో సెక్రటేరియట్ తొలి పరుగులో నాలుగో స్థానంలో వచ్చాడు. గేటు తెరవగానే పక్క గుర్రం గుద్దింది. ఫలితాల పట్టికలో 4 అనే అంకె తప్ప ఇంకేం కనబడదు. 1973లో అదే గుర్రం బెల్మాంట్ రేసును 31 లెంగ్త్‌లతో, 2 నిమిషాల 24 సెకన్లలో గెలిచింది. అందుకే ఏ రేటింగ్ సేవ తీసుకున్నా వీడియో చూడడం తప్పదు. ఒకసారి కాదు, నాలుగు విడతలు. మొదటిసారి రేసంతా. రెండోసారి మన గుర్రం తొలి రెండు ఫర్లాంగులు మాత్రమే: గేటు, గుద్దుకోవడం, తల ఎగరేసి కళ్లెంతో పోరాడడం. మూడోసారి చివరి మూడు ఫర్లాంగుల్లో జాకీ చేతులు: ఎప్పుడు కదిలాయి, కొరడా ఎన్నిసార్లు లేచింది, అడిగినప్పుడు గుర్రం వెంటనే స్పందించిందా లేక ఫర్లాంగు తర్వాతా. నాలుగోసారి గీత దాటాక: మిగతావి ఆగిపోతుంటే మనది ఇంకా సాగుతూ ముందుకు పోతే దూరం పెంచినప్పుడు పనికొస్తుంది. ప్రసారం ఈ చివరి ముక్కను తరచూ కత్తిరిస్తుంది, దొరికితే వదలకండి.

శరీరం ఇంకో లోకం. పాడాక్‌లో (రేసుకు ముందు గుర్రాలను నడిపించి చూపే ఆవరణలో) నడిచే రెండేళ్ల గుర్రం పిర్రలు భుజంకన్నా ఎత్తుగా ఉంటే అది ఇంకా ఎదుగుతోంది. వెనక గిట్ట ముందు గిట్ట గుర్తును దాటి పడుతుంటే నడక సాగుతోంది. మెడ కింద కొద్దిగా చెమట వేడి రోజున సహజం, వెనక కాళ్ల మధ్య తెల్లని నురుగు కడితే కంగారు. పౌండ్ల కొద్దీ తేడా తెచ్చేవి కొన్నిసార్లు ఇవే. టైమ్‌ఫామ్ వ్యాఖ్యల్లో శరీరాకృతి గురించి ఒక ముక్క దొరుకుతుంది, సరిపోదు. వీలైతే రేసుకు ముందు పాడాక్ చిత్రాలు చూసి, అదే గుర్రాన్ని ఏప్రిల్‌లో మళ్లీ చూసి పోల్చుకోవాలి.

గుర్రం ఎందుకు కనబడకుండా పోయిందో కూడా ఏ అంకె చెప్పదు. రెండేళ్ల గుర్రాల్లో అతి సాధారణ కారణం ముందుకాళ్లలో మోకాలి కింది ఎముక ముందు వైపు వాచి నొప్పి పుట్టడం. వేగపు శిక్షణ పెంచినప్పుడు లేత ఎముక ఆ ఒత్తిడికి తట్టుకునేలా మందం పెంచుకునే లోపే వచ్చే ఇబ్బంది ఇది. వారాల నుంచి రెండు నెలల దాకా విశ్రాంతి ఇస్తారు, సరిగా చూసుకుంటే గుర్రానికి శాశ్వత నష్టం ఉండదు. జూలైలో గెలిచి సెప్టెంబరు దాకా ఎంట్రీ లేకపోతే వెంటనే చెడ్డ వార్త ఊహించుకోకండి. మోకాలి శస్త్రచికిత్స అలా కాదు. 1991 నవంబరులో చర్చిల్ డౌన్స్‌లో బ్రీడర్స్ కప్ జువెనైల్‌లో అరాజీ చూపిన పరుగును మించినది రెండేళ్ల గుర్రం నుంచి చూడడం కష్టం. ఆ శీతాకాలంలో రెండు మోకాళ్లకూ శస్త్రచికిత్స, ఆ తర్వాత ఒకే ఒక్క సన్నాహక రేసు, 1992 కెంటకీ డెర్బీలో ఎనిమిదో స్థానం. అంత ప్రతిభ ఉన్న గుర్రానికి తిరిగి బలపడే సమయం ఇవ్వకపోవడం బాధ కలిగించే విషయం.

బ్రిటన్ రేస్ కార్డుల్లో 2018 నుంచి శ్వాస శస్త్రచికిత్స జరిగిన గుర్రాలకు గుర్తు వేస్తున్నారు. దాని తర్వాతి తొలి పరుగును వేరేగా చూడాలి: పాత ఓటములు ఊపిరి అందక వచ్చినవైతే పాత రేటింగ్ చెల్లదు. బ్లింకర్లు (పక్క చూపును అడ్డే కళ్ల మూతలు), హుడ్ (తల ముసుగు), నాలుకకట్టు తొలిసారి పెట్టినప్పుడూ కార్డులో అక్షరం పక్కన 1 వస్తుంది. రెండో మూడో పరుగుకే కుర్ర గుర్రానికి బ్లింకర్లు పడ్డాయంటే బద్ధకమో భయమో ఉందని ట్రైనరే చెబుతున్నట్టు. పి ఉన్నా సరే, నేనైతే ఆ గుర్రాన్ని ఒక మెట్టు దించి రాసుకుంటాను.

ట్రాకర్‌ను ఎలా వాడాలి

దాదాపు ప్రతి రేసింగ్ వెబ్‌సైటులోనూ గుర్రం పేరు పెడితే కబురు పంపే ట్రాకర్ ఉంటుంది. గెలిచిన ప్రతి గుర్రాన్నీ అందులో వేస్తే ఆగస్టు నాటికి రోజూ పది కబుర్లు వచ్చి, ఏదీ చదవలేని స్థితి వస్తుంది. పదిహేను ఇరవై గుర్రాలు చాలు. ఒక్కోదాని పక్కన ఒకే వాక్యం రాయండి: ఎందుకు పెట్టాను, ఏ షరతు కోసం ఎదురుచూస్తున్నాను. ‘మైలు దూరం, మెత్తటి నేల’ అన్నంత క్లుప్తంగా ఉంటే చాలు. ఆ షరతు దొరికిన రేసులో కూడా గుర్రం కదలకపోతే అప్పుడు తీసేయాలి. షరతు దొరకని ఓటమికి తీసేయకూడదు.

ఎంట్రీ (రేసుకు ముందుగా పేరు నమోదు) కబురును డిక్లరేషన్ (పరుగెత్తుతుందన్న ఖరారు) కబురుతో కలిపి గందరగోళపడకండి. ఒకే వారంలో ఒక గుర్రాన్ని మూడు రేసులకు ఎంటర్ చేసి ఒక్కదాంట్లోనే దింపుతారు. బ్రిటన్ ఫ్లాట్ రేసులకు 48 గంటల ముందు డిక్లరేషన్ ఖాయమవుతుంది, అప్పుడే డ్రా (గేటులో గుర్రం స్థానం), జాకీ తెలుస్తాయి. అయినా ఎంట్రీలు వృథా కావు. ఒక మామూలు మెయిడెన్ గెలిచిన గుర్రానికి డ్యూహర్స్ట్‌లోనో డాన్‌కాస్టర్ ఫ్యూచరిటీలోనో ఎంట్రీ కనబడితే, ఇంట్లో దాని పనితనం గురించి ట్రైనర్ ఏమనుకుంటున్నాడో కొంత తెలుస్తుంది. డెర్బీ తొలి ఎంట్రీకి మాత్రం అంత విలువ ఇవ్వకండి. గుర్రం ఏడాది వయసులో ఉండగానే చేసేది అది, వంశాన్ని చూసి చేస్తారు.

హ్యాండిక్యాప్ దారిలో, అంటే రేటింగును బట్టి బరువులు వేసే రేసుల్లో, వెళ్లే గుర్రాలకు ఇంకో లెక్క. సాధారణంగా మూడు పరుగుల తర్వాత అధికారిక రేటింగ్ వస్తుంది, జూలై నుంచి రెండేళ్ల గుర్రాల హ్యాండిక్యాప్‌లు, వాటినే నర్సరీలంటారు, మొదలవుతాయి. తక్కువ దూరాల్లో మూడు సాదా పరుగులు చేసి, పొడుగు దూరపు నర్సరీలో తొలిసారి దిగే గుర్రానికి టైమ్‌ఫామ్ పి ఇంకా ఉంటే, అధికారిక అంకెకు అందని మెరుగుదల అక్కడ ఉండవచ్చు. ఈ సేవ అత్యంత పదునుగా పనిచేసే చోటు ఇదే అని నా అభిప్రాయం.

ఎవరికి చందా దండగ? పెద్ద రేసులు మాత్రమే చూసేవాళ్లకు. అక్టోబరు, మే నాటికి ఆ గుర్రాల పేర్లు అందరి నోటా ఉంటాయి, వీడియోలు ఉచితంగా దొరుకుతాయి. అమెరికా, జపాన్ గుర్రాల వెంట నడిచేవాళ్లకు ఆయా దేశాల వేగ అంకెలే ముందు కావాలి. బ్రిటన్, ఐర్లండ్ మెయిడెన్లలోంచి సొంతంగా ఏరుకుని ఎదుగుదల చూడాలనుకునేవాళ్లకు మాత్రం దీనికి సాటి వచ్చేది కనబడదు.

కొద్దికాలపు చందా దొరికితే జూలై మధ్య నుంచి అక్టోబరు చివరి దాకా తీసుకోండి. 7 ఫర్లాంగులు, మైలు మెయిడెన్లు పుంజుకునేది అప్పుడే, వచ్చే ఏడాది క్లాసిక్ గుర్రాల్లో ఎక్కువ భాగం ఆ రేసుల్లోంచే వస్తాయి. చలికాలంలో ఆపేసి ఏప్రిల్ మొదట్లో మళ్లీ తెరవండి. అప్పుడు కొత్త రేటింగుల కోసం వెతికే ముందు జాబితాలోని గుర్రాల్లో ఏది ట్రైనర్ మారింది, ఏ కోల్ట్ (కుర్ర మగ గుర్రం) గెల్డింగ్ అయింది, అంటే వృషణాలు తీయించుకుంది, ఏ పేరు గినీస్ ఎంట్రీల్లోంచి పోయింది అన్నవి సరిచూసుకుని, నిరుడు రాసుకున్న ఆ ఒక్క వాక్యాన్ని ఒక్కోదాని పక్కన తిరగరాయండి.